చిన్ననాటి క్రిస్మస్ సినిమా ఇప్పుడు చూస్తే ఎందుకింత తేడా?

ప్రశ్న: చిన్నప్పుడు క్రిస్మస్ సెలవుల్లో అన్నయ్యా నేనూ ‘హోమ్ అలోన్’ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత మొన్న కొత్త పెద్ద టీవీలో ఒక్కదాన్నే పెట్టుకుని చూశాను. మనసుకు పట్టలేదు. సినిమాలా కాక టీవీ సీరియల్‌లా కనబడింది. మాటలు వినబడక సౌండ్ పెంచితే దెబ్బల చప్పుడుకు చెవులు అదిరాయి. పిల్లాడు పన్నిన ఉచ్చుల్లో పడి దొంగలు పడే పాట్లకు అప్పట్లో పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని, ఇప్పుడు అవి చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. అన్నిటికన్నా, కన్నకొడుకును ఇంట్లో మరిచిపోయి విమానమెక్కిన ఆ తల్లి మీద కోపం ఆగలేదు. మా బాబుకు ఏడేళ్ళు. ఈసారి వాడికి చూపిద్దామని ఎంతో ఆశపడ్డాను. ఇప్పుడు చూపించాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. సినిమానే అలాంటిదా, నేను మారిపోయానా?

జవాబు: బాబుకు తప్పకుండా చూపించండి. కానీ అంతకు ముందు మీరొక్కరే ఇంకోసారి చూడాలి. మొన్న మీరు చూసిన తీరులో సినిమాకు అన్యాయం జరిగింది. మీకు కలిగిన ఇబ్బందిలో ఒక భాగం టీవీ తెచ్చిపెట్టింది, దాన్ని పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. మిగతా భాగం మీరు తల్లి కావడం వల్ల వచ్చింది. దాన్ని సరిచేయాల్సిన పని లేదు. ఈ సినిమాలో పెద్దవాళ్ళ కోసం రాసిన కథ ఒకటి మొదటినుంచీ ఉంది, ఇన్నాళ్ళకు అది మీ కంటబడింది.

ముందు సీరియల్‌లా కనబడటం సంగతి. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 విడి బొమ్మల చొప్పున తీస్తారు. ఇప్పటి టీవీ తెరలు సెకనుకు 60 సార్లో 120 సార్లో బొమ్మను మారుస్తాయి. ఆ ఖాళీని నింపడానికి టీవీ రెండు అసలు ఫ్రేముల మధ్య తనంతట తానే కొత్త ఫ్రేములు కల్పించి పెడుతుంది. క్రికెట్ మ్యాచ్‌కు అది బాగుంటుంది. సినిమాకు మాత్రం అప్పుడే వీడియో కెమెరాతో తీసిన రికార్డింగ్ వాలకం వస్తుంది. మీ విషయంలో దీనివల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. దొంగల దెబ్బలు కార్టూన్ దెబ్బల్లా అనిపించాలంటే తెర మీద జరిగేదానికీ మనకూ కాస్త దూరం ఉండాలి. టీవీ ఆ దూరాన్ని చెరిపేస్తే ఎదురుగా నిజం మనిషి మెట్ల మీంచి పడుతున్నట్టే ఉంటుంది. మీకు కలిగిన జలదరింపులో కొంత ఇక్కడిదే.

సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ను ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’కు మార్చండి. అది లేకపోతే ‘సినిమా’ లేదా ‘మూవీ’ ఎంచుకోండి. చాలా టీవీల్లో దీంతోనే సగం పని అయిపోతుంది. తర్వాత కదలిక సెట్టింగ్ వెతికి ఆపేయండి. శాంసంగ్ టీవీల్లో దాని పేరు ‘పిక్చర్ క్లారిటీ’, పాతవాటిలో ‘ఆటో మోషన్ ప్లస్’. ఎల్‌జీలో ‘ట్రూమోషన్’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’. ఈ మార్పులు సినిమా ఆడుతుండగానే చేయండి. చాలా టీవీలు ఒక్కో ఇన్‌పుట్‌కూ, మామూలు పిక్చర్‌కూ హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే) పిక్చర్‌కూ సెట్టింగులను విడివిడిగా దాచుకుంటాయి. హోమ్ స్క్రీన్ మీద ఉండగా మార్చి, సినిమా మొదలయ్యాక మళ్ళీ పాత వాలకమే వచ్చిందని విసుక్కునేవాళ్ళు చాలామంది. పని జరిగిందో లేదో తేల్చుకోవడానికి కుటుంబమంతా విమానాశ్రయంలో పరుగెత్తే దృశ్యం పెట్టి చూడండి. మనుషులు నూనె రాసినట్టు జారిపోతూ, వాళ్ళ అంచుల చుట్టూ వెనకనున్నవి వణుకుతుంటే ఆ సెట్టింగ్ ఇంకా నడుస్తున్నట్టే.

రంగుల విషయంలో ‘కలర్ టెంపరేచర్’ను ‘వార్మ్’కు మార్చండి. మొదటి కొన్ని నిమిషాలు తెర పసుపు పూసినట్టు అనిపిస్తుంది, తర్వాత కన్ను సర్దుకుంటుంది. ఈ సినిమాకు ఇది మరీ ముఖ్యం. ఆ ఇంట్లో గోడల కాగితాలు, తివాచీలు, దుప్పట్లు, వంటింటి సామాను, దేన్ని చూసినా క్రిస్మస్ ఎరుపో ఆకుపచ్చో ఉండేలా పట్టుబట్టి అమర్చారు. షోరూంలో మెరవడానికి పెట్టే నీలిపాటి ‘వివిడ్’ మోడ్‌లో ఆ వెచ్చదనమంతా ఆసుపత్రి వెలుతురులా మారిపోతుంది. ‘నాయిస్ రిడక్షన్’ కూడా ఆపేయండి. ఇది 1990లో ఫిల్మ్ మీద తీసిన సినిమా, సన్నటి ఇసుక రేణువుల్లాంటి గ్రెయిన్ దానికి సహజం. దాన్ని తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. షార్ప్‌నెస్ తగ్గించండి. చాలా టీవీల్లో సున్నా దగ్గర, సోనీలో మధ్యనున్న 50 దగ్గర అదనపు గీతలు పడవు.

తెరకు పైనా కిందా సన్నటి నల్లపట్టీలు కనబడితే కంగారు పడకండి. సినిమా బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 1.85:1, టీవీది 16:9. ఆ కొద్ది తేడా వల్ల పట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని జూమ్ నొక్కితే అంచులు తెగిపోతాయి. మీ జ్ఞాపకంలో సినిమా వేరేలా ఉండటానికి పాత టీవీ కూడా ఒక కారణం. దాని తెర దాదాపు చతురస్రంగా, 4:3 కొలతలో ఉండేది కాబట్టి బొమ్మను దానికి తగ్గట్టు మార్చేవాళ్ళు. పైగా ‘పాల్’ అనే పాత టీవీ పద్ధతిలో ప్రసారాలుండే దేశాల్లో 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములకు పెంచి వేసేవాళ్ళు. దాంతో సినిమా 4 శాతం వేగంగా నడుస్తుంది, 103 నిమిషాల సినిమా 99 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులూ సంగీతమూ కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తాయి. అందుకే ఇప్పుడు అసలు వేగంలో చూస్తే కొంచెం నెమ్మదించినట్టు తోచవచ్చు. టీవీ ప్రసారాల్లో సమయం కోసం, మాటల కోసం కత్తిరింపులు కూడా మామూలే. ఇది చిన్నప్పుడు లేదే అనిపించే ముక్కలు తగిలితే మీ జ్ఞాపకశక్తిని అనుమానించక్కర్లేదు.

ఇక మాటలు వినబడకపోవడం. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో వచ్చే శబ్దం ఎక్కువగా 5.1, అంటే ఆరు చానళ్ళ మిశ్రమం. సంభాషణలు అందులో ప్రధానంగా మధ్య స్పీకరుకు వెళ్తాయి. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లయితే అన్నిటినీ కలిపేటప్పుడు మాటలు అడుగున పడతాయి. యాప్‌లోని ఆడియో జాబితాలో ‘5.1’ అని లేని ఇంగ్లీషు ట్రాక్ ఉంటే అది తీసుకోండి.  దానికి తోడు ‘నైట్ మోడ్’ గానీ ‘ఆటో వాల్యూమ్’ గానీ పెడితే పెద్ద చప్పుళ్ళు తగ్గి, చిన్న మాటలు పైకొస్తాయి. ఇస్త్రీపెట్టె ముఖం మీద పడే చప్పుడు గదిని అదరగొట్టకపోతే ఆ దృశ్యం మళ్ళీ నవ్వించేదిగా మారుతుంది. దెబ్బ ఎంత గట్టిదో మనకు చెప్పేది కంటికన్నా చెవే.

మీరు చూసేటప్పుడు ఒరిజినల్ ట్రాక్ పెట్టుకుని సబ్‌టైటిల్స్ వేసుకోండి. తల్లి పాత్ర వేసిన క్యాథరిన్ ఓహారా గొంతులో కంగారు, సిగ్గు, పట్టుదల ఎలా మారుతూ పోతాయో డబ్బింగ్‌లో దొరకదు. బాబు సబ్‌టైటిల్స్ వేగంగా చదవలేకపోతే వాడితో కలిసి చూసేటప్పుడు మాత్రం డబ్బింగ్ పెట్టండి. నవ్వులు ఎక్కువగా కళ్ళతో చూసేవే కాబట్టి వాడికి నష్టం తక్కువ.

ఇప్పుడు ఆ తల్లి సంగతికి వద్దాం. మీ కోపం అర్థమవుతుంది, కానీ రచయిత జాన్ హ్యూస్ ఆ మరుపును ఎంత జాగ్రత్తగా అల్లాడో ఈసారి గమనించండి. కుండపోతలా ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. రాత్రి గాలికి తీగలు తెగి కరెంటు పోతుంది, అలారం మోగదు, ఇల్లంతా ఆలస్యంగా లేస్తుంది. అంతకు ముందు రాత్రి పిజ్జాల దగ్గర గొడవలో పాలు ఒలికి పాస్‌పోర్టులూ టికెట్లూ తడుస్తాయి. తుడిచే హడావుడిలో, ఇంట్లో ఒంటరిగా మిగిలిపోబోయే పిల్లాడు కెవిన్ టికెట్ చెత్తబుట్టలోకి పోతుంది. అది ఒక్క క్షణమే కనబడుతుంది, పిల్లలకు దొరకదు, పెద్దవాళ్ళు చాలామందికీ దొరకదు. ఆ గొడవకు శిక్షగా వాణ్ణి పై అంతస్తులో పడుకోబెడతారు కాబట్టి పొద్దున అందరి మధ్యా ఉండడు. వ్యాను ఎక్కే ముందు తలలు లెక్కపెడతారు, కానీ సామాను కెలుకుతూ నిలబడ్డ ఎదురింటి పిల్లాడు ఆ లెక్కలో పడతాడు. విమానంలో పెద్దవాళ్ళు ముందు ఫస్ట్ క్లాసులో, పిల్లలు వెనక. టికెట్ చెత్తబుట్టలో పడకపోయినా, ఎదురింటి పిల్లాడు అక్కడికి రాకపోయినా విషయం విమానం ఎక్కకముందే బయటపడేది. అంత పకడ్బందీగా అల్లడానికి కారణం ఒక్కటే: ఆ తల్లిని మనం దుర్మార్గురాలిగా చూడకూడదు.

గుర్తొచ్చిన క్షణం నుంచి ఆమె ఏం చేస్తుందో వరుసగా చూడండి. పారిస్‌లో దిగగానే ఫోన్లకు పరుగెడుతుంది. ఇంటి లైను పనిచేయదు. పోలీసులను బతిమాలి ఇంటికి పంపిస్తుంది. వచ్చిన పోలీసు తలుపు కొట్టి, ఎవరూ పలకకపోయేసరికి వెళ్ళిపోతాడు, ఎందుకంటే కెవిన్ భయంతో మంచం కింద దాక్కుని ఉంటాడు. మిగతా కుటుంబం సీట్లు దొరికేదాకా పారిస్‌లో ఆగిపోతే ఆమె మాత్రం విమానాశ్రయంలోనే ఉండి, ఒక వృద్ధ జంట సీటు కోసం తన ఒంటి మీద నగలు కూడా ఇవ్వడానికి సిద్ధపడుతుంది. అమెరికాలో డాలస్ చేరుతుంది, అక్కడినుంచి స్క్రాంటన్. అక్కడ ఇక ఇల్లున్న షికాగోకు సీటే లేదంటే కౌంటర్ దగ్గర ఆమె విరుచుకుపడే తీరు చూడండి. ఆ మాటలు విని ముందుకొచ్చేవాడు జాన్ క్యాండీ వేసిన పోల్కా బ్యాండు నాయకుడు. ఆ బ్యాండు వ్యానులో వెనక కూర్చుని తను చెడ్డ తల్లినని ఆమె అంటుంది. అతను తన పిల్లాణ్ణి ఒకసారి ఎక్కడ మరిచిపోయాడో చెప్పి ఓదార్చబోతాడు. చిన్నప్పుడు అది దాటిపోయే హాస్యం. ఇప్పుడు వింటే ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు, తనకు చేతనైన తీరులో, కుమిలిపోతున్న తల్లికి ఊరటనివ్వడం కనిపిస్తుంది. సినిమా మొత్తంలో మనసుకు పట్టే చోట్లలో ఇది ఒకటి.

ఇంకో ముక్క కూడా పెద్దవాళ్ళకే అందుతుంది. ఆమె అన్ని అగచాట్లు పడి ఇల్లు చేరిన కాసేపటికే, పారిస్‌లో ఆగిన మిగతావాళ్ళంతా నేరుగా వచ్చే విమానంలో దిగి లోపలికొస్తారు. లెక్క ప్రకారం ఆమె పడ్డ తిప్పలతో కలిసొచ్చింది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లోనే కొడుకూ తనూ ఎదురెదురుగా నిలబడతారు, ఆమె క్షమాపణ అడుగుతుంది. దర్శకుడు క్రిస్ కొలంబస్ అక్కడ సంభాషణలు ఎక్కువ పెట్టకుండా వదిలేశాడు. మొన్న ఈ చోటికి వచ్చేసరికి మీరు కోపంలో ఉన్నారు కాబట్టి ఇది మీకు తగిలి ఉండదు.

చర్చి దృశ్యాన్ని కూడా ఈసారి నిదానంగా చూడండి. పక్కింటి ముసలాయన మార్లీ గురించి పిల్లలు చెప్పుకున్న భయంకరమైన కథలన్నీ అక్కడ కరిగిపోతాయి. కొడుకుతో మాటల్లేవు, మనవరాలు గాయకబృందంలో పాడుతుంటే దూరంగా కూర్చుని వినడానికి వచ్చాడు. భయమైతే ఫోన్ చేసి చూడమని ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆయనకు సలహా ఇస్తాడు. ఆ దృశ్యం లేకపోతే ఇది దొంగలను తన్నే సినిమాగానే మిగిలేది. జాన్ విలియమ్స్ సంగీతం మీద కూడా ఒక చెవి వేసి ఉంచండి. ‘సమ్‌వేర్ ఇన్ మై మెమరీ’ పాటకూ నేపథ్య సంగీతానికీ రెండింటికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆ బాణీ ఇంటినీ అమ్మనూ తలుచుకునే చోట్ల రకరకాలుగా తిరిగొస్తుంటుంది.

దెబ్బలు సినిమా అంతా ఉన్నట్టు మనకు గుర్తుంటుంది గానీ, దొంగల ఒంటి మీద అసలు దెబ్బలు పడేది గంట దాటిన తర్వాతే. జ్ఞాపకం పనిచేసే తీరు అది: తీవ్రమైన ఘట్టాలనూ ముగింపునూ పట్టుకుని మిగతాది వదిలేస్తుంది. మీకిప్పుడు జలదరింపు కలగడానికి టీవీ కాక ఇంకో కారణం, బరువులు మీకు తెలియడం. నిండు గాలన్ పెయింట్ డబ్బా సుమారు 5 కిలోలు ఉంటుంది. మోసి చూసిన చేతికి అది తాడు కట్టి ఊగి వచ్చి ముఖానికి తగలడం వేరేలా కనిపిస్తుంది. పైగా అవి కంప్యూటర్ బొమ్మలు కావు, స్టంట్ కళాకారులు నిజంగా పడ్డ పాట్లు. ఆ బరువు తెర మీద తెలుస్తుంది. అది ఆ కళాకారుల పనితనం, దాన్ని మెచ్చుకుంటూ చూస్తే ఇబ్బంది కొంత తగ్గుతుంది.

బాబు విషయం. అమెరికాలో దీనికి పీజీ రేటింగ్ ఉంది, అంటే పెద్దవాళ్ళు పక్కనుండి చూపించదగ్గదని. ఏడేళ్ళకు సరిపోతుందనే మా అభిప్రాయం, అయితే మూడు నాలుగు చోట్లు ముందే తెలిసి ఉండాలి. కుటుంబంలో అన్నలూ బాబాయీ కెవిన్‌ను తిట్టే మాటలు కటువుగా ఉంటాయి. అన్న గదిలో పెద్దల పత్రిక ఒకటి క్షణకాలం కనిపిస్తుంది. కెవిన్ చూసే నలుపు-తెలుపు గ్యాంగ్‌స్టర్ సినిమాలో మెషిన్ గన్ మోత ఉంటుంది. అది పాత సినిమా కాదు, దీనికోసమే ప్రత్యేకంగా తీసిన ముక్క. ఎయిర్ గన్‌తో కాల్చడం కూడా ఉంది.

పిల్లలు భయపడేది ఉచ్చుల దగ్గర అనుకుంటాం. సాధారణంగా అక్కడ వాళ్ళు నవ్వుతారు. భయం వచ్చేది నేలమాళిగలో కొలిమి నోరు తెరిచి కెవిన్ పేరు పిలిచినట్టయ్యే చోట, మార్లీ మొదట పార పట్టుకుని కనిపించే చోట, అన్నిటికన్నా, పొద్దున లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరన్న దగ్గర. అక్కడ బాబు మీ వైపు చూస్తే పాజ్ చేసి, అమ్మ తిరిగొస్తుందని ముందే చెప్పేయండి. కథ ముగింపు తెలిసిపోతే మజా పోతుందనే బెంగ వద్దు. ఆ వయసువాళ్ళు ముగింపు తెలిసిన కథలనే మళ్ళీ మళ్ళీ అడిగి చూస్తారు.

ఉచ్చులు మొదలయ్యే ముందు రెండు మాటలు చెప్పాలి, రెండే. వాళ్ళు పడటం నేర్చుకున్న మనుషులు, కొన్ని చోట్ల కాళ్ళకు రబ్బరు పాదాలు తొడుక్కున్నారు. ఎర్రగా కాలిన తలుపు పిడి, ఇస్త్రీపెట్టె, మేకు, మెట్ల మీద బొమ్మలు, ఇవి ఇంట్లో ఎవరి మీదా ప్రయోగించకూడదు. ఇది దెబ్బలయ్యాక చెబితే ఆలస్యం, అప్పటికే వాడి మనసులో ప్రణాళిక తయారై ఉంటుంది. సినిమా నడుమ ప్రతి దెబ్బకూ తప్పని చెప్పుకుంటూ పోతే మాత్రం వాడికి దక్కాల్సిన నవ్వు చచ్చిపోతుంది.

103 నిమిషాలు ఒకే బిగిన కూర్చోలేకపోతే, రాత్రి తొమ్మిది గంటలకు మళ్ళీ వస్తామని దొంగలు అనుకోవడం కెవిన్ కిటికీ దగ్గర వినే చోట ఆపండి. దాదాపు గంట ప్రాంతంలో వస్తుంది అది. మిగిలింది చూడాలన్న ఆత్రం అక్కడ గట్టిగా ఉంటుంది, సాంటా దగ్గరికి వెళ్ళడం, చర్చి, ఉచ్చులు, అన్నీ రెండో భాగంలో ఒక్క బిగిన వస్తాయి.

మీకు నచ్చిన చోటు వస్తోందంటే వాడి ముఖం వైపు తిరగకండి. “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు” అనకండి. అలా అంటే వాడు మీ ఆశను గమనిస్తాడు గానీ సినిమాను కాదు. మీరు నవ్విన చోట వాడు నవ్వకపోవచ్చు, మీకు గుర్తులేని చిన్న ముక్కకు విరగబడి నవ్వొచ్చు. వాడికి నచ్చకపోతే బలవంతం చేయకుండా వచ్చే ఏడాదికి వదిలేయండి.

వెతికేటప్పుడు 1990 సంవత్సరం, 103 నిమిషాల నిడివి సరిచూసుకోండి. ఇదే పేరుతో తర్వాతి భాగాలు చాలా ఉన్నాయి. 1992 నాటి రెండో భాగంలో కెవిన్‌గా మకాలే కల్కినే ఉంటాడు, దర్శకుడూ కొలంబసే, నిడివి 120 నిమిషాలు. 1997 నాటి మూడోదాంట్లో పిల్లాడూ కుటుంబమూ అంతా వేరు. రెండో భాగం కథ నడక మొదటిదానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకే రోజు చూస్తే దేని రుచీ తెలియదు, కనీసం వారం ఆగండి. స్ట్రీమింగ్‌లో ఒకటి అయ్యాక ఇంకోటి తనంతట తానే మొదలవకుండా ‘ఆటోప్లే’ ఆపేయడం మరిచిపోకండి. లేకపోతే చివర్లో కెవిన్ కిటికీలోంచి మార్లీని చూసే దృశ్యం తర్వాత పేర్లు పడుతుండగానే, ఆ సంగీతం విననివ్వకుండా తర్వాతి సినిమా వచ్చేస్తుంది.

మీలాగే వేరే సినిమాతో ఈ అనుభవం ఎదురైన పాఠకులకు ఒక్క మాట. ఏదో తప్పిపోయినట్టు అనిపిస్తే ముందు వెర్షన్ చూడండి. 1992లో వచ్చిన ‘ద మప్పెట్ క్రిస్మస్ క్యారల్’లో ‘వెన్ లవ్ ఈజ్ గాన్’ పాటను థియేటర్ల కోసం తీసేశారు, కానీ ఇళ్ళలోకి వచ్చిన వీడియో క్యాసెట్లలో అది ఉంది. క్యాసెట్ చూసి పెరిగినవాళ్ళకు తర్వాత దొరికిన ప్రతుల్లో ఆ పాట లేక కథ మధ్యలో గొయ్యి పడ్డట్టుండేది. 2022 డిసెంబరులో డిస్నీ ప్లస్ పాటతో కూడిన పూర్తి ప్రతిని పెట్టింది, అయితే అది మామూలుగా ప్లే నొక్కితే రాదు, ‘ఎక్స్‌ట్రాస్’ విభాగంలోకి వెళ్ళి ఎంచుకోవాలి. 1946 నాటి ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ నలుపు-తెలుపులో, 4:3కు దగ్గరి కొలతలో తీసిన సినిమా, నిడివి 130 నిమిషాల పైన. రంగులద్దిన ప్రతులు కూడా తిరుగుతున్నాయి. పక్కల నల్లపట్టీలతో, నలుపు-తెలుపులో, పూర్తి నిడివితో ఉన్నదే పెట్టుకోండి.